ఉక్కు ఊళ్లో పాస్టరు గారింటి ఈస్టర్

విశాఖ ఉక్కు కర్మాగారంలోని మూడు బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. మండుతున్న ఫర్నేసును పండగ కోసం ఆపడం కుదరదు. అందుకే ఈస్టర్ ఆదివారమైనా సరే ‘ఏ’ షిఫ్టు పొద్దున్న ఆరింటికి ఎక్కాల్సిందే, బి షిఫ్టు మధ్యాహ్నం రెండింటికి, సి షిఫ్టు రాత్రి పదింటికి. దువ్వాడ, కూర్మన్నపాలెం, గాజువాక చుట్టుపక్కల చర్చిల్లో ఈ మూడు షిఫ్టుల వాళ్లూ కనిపిస్తారు. వాళ్ల పక్కనే సెజ్‌లో పనిచేసేవాళ్లు, రైల్వే వాళ్లు. విశాఖ స్టేషన్‌లోకి వెళ్తే ఇంజను తిప్పుకోవాలి గనక కొన్ని రైళ్లు దువ్వాడలో ఆగి అటు నుంచి అటే పోతాయి. ఈ స్టేషనుకు రాత్రీ పగలూ తేడా లేదు.

ఈస్టర్ ఆరాధనేమో తెల్లవారకముందే మొదలవ్వాలి. ఆదివారం తెల్లవారుజామునే స్త్రీలు యేసు సమాధి దగ్గరికి వెళ్లారని సువార్తలు చెబుతాయి మరి. నాలుగున్నరకు మొదలుపెడితే ‘ఏ’ షిఫ్టు వాళ్లు మధ్యలోనే లేచిపోతారు. సి షిఫ్టు వాళ్లు అసలు అందుకోలేరు. ‘అయ్యగారూ, నాకు నైట్ పడిందండీ’ అని శనివారం దాకా ఫోన్లు వస్తూనే ఉంటాయి. అందుకే చీకటితో ఒక ఆరాధన, తొమ్మిది దాటాక ఇంకొకటి పెట్టుకోవడం ఇలాంటి ఊళ్లలో మామూలు. వచ్చేవాళ్లకు ఏదో ఒకటి చాలు. పాస్టరు గారి కుటుంబానికి మాత్రం రెండూ తప్పవు.

నలభై రోజుల ముందు నుంచే

ఈ హడావిడి ఆ ఒక్కరోజుది కాదు. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందురోజు దాకా 46 రోజులు. అందులో ఆరు ఆదివారాలు తీసేస్తే 40. శ్రమదినాలు అనేది వీటినే. చాలా సంఘాలు ఈ నలభై రోజులూ సాయంత్రాలు ఇంటింటా ఉపవాస ప్రార్థనలు పెట్టుకుంటాయి. ఏ వీధిలో ఎవరింట్లో ఎప్పుడో చీటీ రాయడం, హార్మోనియం మోయించడం, ఆరోజు ఉపవాసం ఉన్నవాళ్ల ఆరోగ్యం కనుక్కోవడం, ఇవన్నీ పాస్టరమ్మ గారి పనుల్లోకి వచ్చి పడతాయి.

చివరి వారానికి వచ్చేసరికి ఊపిరాడదు. మట్టల ఆదివారం నాడు పిల్లల చేత మట్టలు పట్టించి ఊరేగింపు. గురువారం రాత్రి ప్రభురాత్రి భోజనం. శుక్రవారం పన్నెండు నుంచి మూడింటి వరకు సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ప్రసంగాలు. కతోలికుల గుడుల్లో పద్నాలుగు స్థలాల సిలువ మార్గం. శనివారం చర్చి కడగడం, తోరణాలు, మర్నాటి ప్రేమ విందుకు బియ్యం, చికెన్ లెక్కలు.

వీటి మధ్య ఎవరి కంటా పడని పని వంటింట్లో జరుగుతుంది. గురువారం బల్లకు, అంటే ప్రభురాత్రి భోజనానికి, కావాల్సిన ద్రాక్షరసాన్ని చాలాచోట్ల పాస్టరు గారింట్లోనే తీస్తారు. నల్ల ద్రాక్ష తెచ్చి, తొడిమలు వలిచి, ఉప్పునీళ్లలో కడిగి, కాసిని నీళ్లతో పొయ్యి మీద పెడతారు. తొక్కలు పగిలి రంగు దిగాక దించి, పిసికి, పలచటి గుడ్డలో వడకడతారు. చల్లారాక సీసాల్లోకి. ఈస్ట్ వెయ్యని రొట్టెను చపాతీలా పెనం మీద కాల్చి చిన్న ముక్కలు చేస్తారు. ఆ తర్వాత వేలెడంత కప్పులు ట్రేల కొద్దీ కడిగి ఆరబెట్టాలి. ఆదివారం మళ్లీ బల్ల ఉంటే మళ్లీ అన్ని కప్పులూ కడగాలి.

పున్నమి లెక్క, పరీక్షల లెక్క

క్రిస్మస్‌లా ఈస్టర్‌కు ఒక తేదీ అంటూ లేదు. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమి దాటాక వచ్చే ఆదివారమే ఈస్టర్. ఈస్టర్‌ను అందరూ ఒకే ఆదివారం చేసుకోవాలని 325లో నికయ సభలో తీర్మానించారు. పున్నమి లెక్కను బట్టి పండగ మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య ఎప్పుడైనా రావచ్చు. 2024లో మార్చి 31న, 2025లో ఏప్రిల్ 20న వచ్చింది. 2026లో ఏప్రిల్ 5.

మన దగ్గర ఇది సరిగ్గా పరీక్షల కాలం. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి పరీక్షలు మార్చి 18న మొదలై 30న ముగిశాయి. మర్నాడే ఈస్టర్. ఆ ఏడు ఇంట్లో పదో తరగతి పిల్లలున్న పాస్టర్లకు శ్రమదినాలంటే ఏమిటో విడిగా చెప్పక్కర్లేదు. పాస్టరు గారి పిల్లలకు చదువు ఒక్కటే కాదు. కీబోర్డు వాయించేది వాళ్లే, తెర మీద పాటల సాహిత్యం మార్చేది వాళ్లే. సండే స్కూలు నాటికలో దేవదూత వేషం కట్టాల్సిన పిల్లకు ఆ పూట జ్వరమొస్తే, రెక్కలు తగిలించుకునేదీ వాళ్లే. 2020 ఏప్రిల్ 12న ఈస్టర్ లాక్‌డౌన్‌లో వచ్చినప్పుడు సెల్‌ఫోనులో ఆరాధన పంపడం కూడా వాళ్ల నెత్తినే పడింది. చర్చిలు తెరుచుకున్నా చాలాచోట్ల లైవ్ మాత్రం ఆగలేదు.

సమాధుల దగ్గర తెల్లవారుజాము

తెలుగు నాట ఈస్టర్ తెల్లవారుజామున చాలామంది సమాధుల దగ్గరికి వెళ్తారు. ముందే సున్నం వేయించి, ఆ చీకట్లో పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. గాలికి ఆరిపోకుండా ప్లాస్టిక్ గ్లాసు అడుగు కోసి అడ్డం పెడతారు. ఇలాంటిదే జర్మనీలోని హెర్న్‌హుట్‌లో 1732లో జరిగింది. మొరేవియన్ సంఘపు యువకులు ఈస్టర్ వేకువన ఊరి శ్మశానానికి వెళ్లి పాటలు పాడారు. సూర్యోదయ ఆరాధనలకు దాన్నే మొదలుగా చెబుతారు. ఆ ఏడాది ఎవరినైనా పోగొట్టుకున్న ఇంటివాళ్లకు పాస్టరు గారు వచ్చి తమ సమాధి దగ్గర నిలబడి ప్రార్థన చేయాలని ఉంటుంది. కాదనలేని పిలుపు అది. ఆరాధనకు ఆలస్యమవుతున్నా పోవాల్సిందే.

విశాఖలో క్రైస్తవ సేవ ఇప్పటిది కాదు. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ 1805లో ఇక్కడికి వచ్చారు. ఆనందరాయరు సాయంతో సువార్తలను తెలుగు చేయడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెగ్రాంజ్ 1810లో చనిపోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యేనాటికి ఇద్దరూ లేరు. ఆ మూడింటిలోనూ ఖాళీ సమాధి కథ ఉంది.

ఇక డబ్బు సంగతి. టెలిగ్రాఫ్ శాఖలో ఉద్యోగం చేసిన థామస్ గాబ్రియేల్ ఆ కొలువు వదిలి కాకినాడ ప్రాంతంలో సేవకు దిగాడు. చేతిలోది ఖర్చయ్యాక అప్పులు మిగిలాయి. ఆయన పిలుపు మీదే కెనడా బాప్టిస్టు జాన్ మెక్‌లారిన్ 1874లో కాకినాడ వచ్చారు. ఇప్పటికీ పెద్ద మిషన్ల పాస్టర్లకు జీతమంటూ ఉంటుంది గానీ స్వతంత్ర సంఘాల్లో కానుకలే ఆధారం. పగలు ఉద్యోగం, సాయంత్రం సేవ చేసేవాళ్లూ ఉన్నారు. రాష్ట్ర ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం పెట్టింది. 2025 గుడ్ ఫ్రైడే నాడు 8,427 మందికి ఏడు నెలల మొత్తం, సుమారు 30 కోట్లు విడుదలైంది. పండగ బట్టల బేరం చాలా ఇళ్లలో ఇలాంటి లెక్కల మీదే తేలుతుంది.

మరి వాళ్ల పండగ?

ఆదివారం రెండు ఆరాధనలు, విందు, గిన్నెలు, మంచం పట్టిన వాళ్లకు ఇంటికెళ్లి బల్ల ఇవ్వడం అయ్యేసరికి సాయంత్రమవుతుంది. అప్పుడు ఇంటిల్లిపాదీ కూర్చుని తినే ఓపిక ఎవరికీ ఉండదు. ఇంగ్లండ్‌లో, జర్మనీలో ఈస్టర్ సోమవారం సెలవు. ఇక్కడ గుడ్ ఫ్రైడేకే సెలవు గనక సోమవారం అందరూ పనుల్లోకి వెళ్లిపోతారు. కానీ సంఘ క్యాలెండరు అంత తొందరపెట్టదు. ఈస్టర్ కాలం పెంతెకొస్తు దాకా 50 రోజులు నడుస్తుంది. ఈ వెసులుబాటును వాడుకునే కుటుంబాలున్నాయి. కొత్త బట్టలు, బిర్యానీ, అమ్మమ్మ గారింటి ప్రయాణం సోమవారానికో, పరీక్షలయ్యాక వచ్చే వారానికో జరుపుకుంటాయి.

సంఘం తలుచుకుంటే ఇంకొంత బరువు తగ్గించవచ్చు. ఏడు మాటలను స్త్రీల సమాజం, యువకులు, పెద్దలు తలా ఒకటి పంచుకునే పద్ధతి ఇప్పటికే ఉంది. కప్పులు కడగడానికీ, విందు వడ్డించడానికీ, సోమవారం ఫోన్లు ఎత్తడానికీ కూడా అలాగే వంతులు వేసుకోవచ్చు. షిఫ్టు దిగాక పని తర్వాతి వాళ్లకు అప్పగించి ఇంటికి పోవడం ఉక్కు ఊరి వాళ్లకు కొత్తగా నేర్పాల్సిన పని కాదు. వచ్చే ఏడాదికి చీటీ ముందే రాసుకుంటే మేలు. 2027లో ఈస్టర్ మార్చి 28న, అంటే మళ్లీ పరీక్షల నెలలోనే.