నీటి అడుగున మడక

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చేలల్లో మడక పట్టినవాళ్లకు ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. కాడిని నొగ మీద వెనక్కి జరిపి కడితే నొగ నిటారుగా లేస్తుంది, కర్రు మొన పైకి లేచి పైపైన గీసుకుంటూ పోతుంది. ముందుకు జరిపి కడితే నొగ వాలుతుంది, కర్రు లోతుకు దిగుతుంది. లాగుడు ఏ వాలున వస్తుందో దాన్నిబట్టే కర్రు పట్టు. ఓడల లంగరుదీ ఇదే శాస్త్రం. అది తేటపడడానికి మాత్రం మనిషికి కొన్ని వేల ఏళ్లు పట్టింది.

మొదటి లంగరు రాయి. బెజ్జం వేసి తాడు కట్టిన రాతి లంగర్లు ద్వారక దగ్గర సముద్రంలో ఎన్నో దొరికాయి. పుట్టిలో చేపలు పట్టేవాళ్లకు ఇప్పటికీ తాడు కట్టిన రాయే ఆధారం. చిన్న పడవకు, నిలకడ నీళ్లకు అది చాలు. పెద్ద ఓడకు చాలదు. గాలి వేగం రెట్టింపైతే ఓడ మీద తోపు నాలుగింతలవుతుంది. దానికి తగ్గ రాయిని మోయాలంటే సరుకుకు చోటుండదు. పైగా నీళ్లలో మునిగిన రాయి తన బరువులో మూడో వంతుకు పైగా పోగొట్టుకుంటుంది.

అందుకే కొక్కెం వచ్చింది. బరువుతో అణచిపెట్టడం మాని నేలను పట్టుకోవడం లంగరు చరిత్రలో మొదటి మలుపు. రెండో మలుపు నా దృష్టిలో ఇంకా గొప్పది. కొక్కేలకు అడ్డంగా, పై కొసన ఒక దూలం బిగించారు. లంగరు ఎలా పడినా ఆ అడ్డదూలం దాన్ని దొర్లించి, ఒక కొక్కేన్ని నేలవైపు తిప్పుతుంది. మనం బొమ్మల్లో చూసే లంగరు ఇదే.

ఆ పట్టు జారితే ఏమయ్యేదో మన మోటుపల్లి రేవు శాసనం చెబుతుంది. తుఫానుకు కొట్టుకొచ్చి ఒడ్డున పగిలిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాక్కునేవారు. కాకతీయ గణపతిదేవుడు 1244లో దాన్ని ఆపి, నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని వర్తకులకు అభయమిచ్చాడు. అంటే ఓడలు ఒడ్డుకు కొట్టుకురావడం శాసనం వేయించేంత మామూలు విషయమన్నమాట.

మడక దగ్గరికి మళ్లీ వద్దాం. దాని కర్రును లంగరుగా మార్చినవాడు కేంబ్రిడ్జి భౌతిక శాస్త్రవేత్త జెఫ్రీ టేలర్.  టేలర్‌కు తెరచాప పడవంటే ప్రాణం. 1927లో భార్యతో కలిసి నార్వే ఉత్తరాన లోఫోటెన్ దీవుల దాకా వెళ్లొచ్చాడు. పాత లంగరులో ఒక కొక్కెం నేలలో దిగితే రెండోది పైకి పొడుచుకుని ఉంటుంది. పడవ గాలికి చుట్టూ తిరిగినప్పుడు తాడు దానికి చుట్టుకుని లంగరును ఊడబెరుకుతుంది. నీటి మీద దిగే విమానాలకైతే అంత బరువైన లంగరు మోయడమే కుదరదు. టేలర్ రెండు నాగళ్ల రెక్కలను వీపులు కలిపినట్టు ఒక్క కర్రు చేసి, దాన్ని కాడకు కీలుతో బిగించాడు. పక్కకు పడినా లాగుడు తగలగానే అది నిటారై దిగుతుంది. ఇంకా లాగితే ఇంకా దిగుతుంది. మడక మట్టిని ఒత్తిగించి ముందుకు పోవాలి, ఇది మట్టిలో పూడిపోయి ఆగిపోవాలి. 1933లో వచ్చిన, సీక్యూఆర్ అనే ఈ లంగరును నీటి విమానాలూ వాడాయి, విహార పడవలూ వాడాయి.

ఉద్యోగ విరమణ తర్వాత తెరచాప పడవే ఇల్లుగా తీరాల వెంట తిరిగే దంపతులు పాశ్చాత్య దేశాల్లో చాలామంది. పగలంతా ప్రయాణం ఎలా సాగినా, వాళ్ల రోజుకు అసలు పరీక్ష సాయంత్రం లంగరు వేసేటప్పుడే. వెలుతురుండగానే గాలి మరుగున్న చోటు చూసుకుంటారు. అడుగున ఇసుకా, బురదా, రాయా అని పటం చూస్తారు. నీటి లోతు 5 మీటర్లు, పడవ ముక్కు ఎత్తు 1 మీటరు అనుకుంటే, ఆ 6 మీటర్లకు కనీసం అయిదింతలు, అంటే 30 మీటర్ల గొలుసు వదులుతారు. గాలి ముదిరితే ఏడింతలు, 42 మీటర్లు. గొలుసు పొడవయ్యేకొద్దీ లాగుడు నేలబారుగా వస్తుంది, కాడిని ముందుకు జరిపినట్టే. తర్వాత ఇంజన్‌ను వెనక్కి నడిపి లంగరును నేలలోకి దింపుతారు. ఒడ్డున ఒక చెట్టునూ దాని వెనకున్న ఇంటినీ ఒకే వరసలో గుర్తుపెట్టుకుని, కాసేపటికి మళ్లీ చూస్తారు. వరస చెదిరిపోతూ ఉంటే లంగరు జారుతున్నట్టే.

ఈ నీటి విద్యతో కడప జిల్లాకేం పని అనుకోకండి. గండికోట జలాశయం పూర్తి సామర్థ్యం 26.85 టీఎంసీలు. పులివెందుల వైపు పార్నపల్లె దగ్గర చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయర్ 10 టీఎంసీలు. గండికోట నీటి అడుగున తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్లున్నాయి, ఆ ఊళ్లవాళ్లు తరతరాలుగా దున్నిన పొలాలున్నాయి. ఆ పొలాల్లో లంగరు చక్కగా దిగుతుంది. మునిగిన గోడలో, చెట్టులో, లోయ బండల్లో పడితే మాత్రం జారుతుంది, లేదా ఇరుక్కుని రానంటుంది. అలాంటి చోట లంగరు కర్రు వైపు కొసకు రెండో తాడు, ఆ తాడు కొసకు తేలే డబ్బా కట్టి ఉంచాలి. వెనకనుంచి లాగితే ఊడొస్తుంది.

ఇరుక్కునే ఆ గుణమే ఒకసారి మనకు అక్కరకొచ్చింది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగి ఎన్నో ప్రాణాలు పోయాయి. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఇనుప తాళ్లకు లంగర్లు కట్టి నదిలో వేసి, అడుగున ఉన్న బోటును పట్టుకోవడానికి రోజుల తరబడి పాట్లు పడింది. అక్టోబరు 22న దాన్ని ఒడ్డుకు లాగింది.

జలాశయంలో పడవ ఎక్కేవాళ్లు లైఫ్ జాకెట్ తొడుక్కున్నాక ఇంకొక్క మాట అడగండి: లంగరు ఉందా, దాని తాడు ఎంత పొడవు? నడిపేవాళ్లు ఆ తాడు కొసను పడవకు గట్టిగా కట్టి ఉంచండి, అక్కడి లోతూ పడవ ముక్కు ఎత్తూ కలిపిన దానికి అయిదింతలకు తక్కువ కాకుండా చూసుకోండి. నడినీట్లో ఇంజన్ ఆగితే, గాలికి పడవ బండల మీదికి పోకుండా ఆపేది అదొక్కటే.