దిస్, దట్... వేలు చూపేటప్పుడు లెక్క కూడా చూడాలి

ఈ చీర, ఈ చీరలు. ఆ ఇల్లు, ఆ ఇళ్లు. తెలుగులో ఒకటైనా వందైనా ముందున్న 'ఈ', 'ఆ' మారవు. ఇంగ్లిష్‌లో అలా కుదరదు. ఒక్క చీరైతే 'దిస్ సారీ', నాలుగైతే 'దీజ్ సారీస్'. దూరాన ఉన్న ఇల్లు 'దట్ హౌస్', ఇళ్లయితే 'దోజ్ హౌసెస్'. 'దిస్ బుక్స్', 'దట్ పీపుల్' లాంటి మాటలు మనవాళ్ల నోట దొర్లడానికి ఈ అలవాటే కారణం.

దగ్గర, దూరం అన్న తేడా మనకు కొత్తేమీ కాదు. ఆ, ఈ, ఏ అనే మూడింటినీ కలిపి మన వ్యాకరణం త్రికం అంటుంది. చిన్నయసూరి బాలవ్యాకరణం చదివినవాళ్లకు త్రికసంధి గుర్తుండే ఉంటుంది. విడిగా వాడినప్పుడు ఇది, అది, ఇవి, అవి అనే నాలుగూ దిస్, దట్, దీజ్, దోజ్‌లకు చక్కగా సరిపోతాయి. చిక్కంతా పక్కన పేరు చేరినప్పుడే. అప్పుడొక ఉపాయం ఉంది. 'ఈ మామిడిపళ్లు' అనేముందు మనసులో 'ఇవి మామిడిపళ్లు' అనుకోవాలి. 'ఇవి' వచ్చిందంటే దీజ్ వాడాలి.

ఈ ఉపాయం కొన్నిచోట్ల పనిచెయ్యదు. మనకు కత్తెర ఒకటే, కళ్లజోడూ ఒకటే. ఇంగ్లిష్‌లో రెండూ బహువచనాలే కాబట్టి 'దీజ్ సిజర్స్', 'దీజ్ గ్లాసెస్' అనాలి. ఇంటినిండా కుర్చీలూ బల్లలూ ఉన్నా అదంతా 'దిస్ ఫర్నిచర్' మాత్రమే.

పలకడంలోనూ జాగ్రత్త అవసరం. 'దిస్'లో అచ్చు పొట్టిది, చివర 'స్'. 'దీజ్'లో అచ్చు పొడవు. రాసేటప్పుడు ఎస్ ఉన్నా పలికేది మాత్రం 'జూ'లో వినిపించే 'జ'కారమే.

మనుషుల దగ్గరికొచ్చేసరికి మర్యాద అడ్డొస్తుంది. తల్లిని పరిచయం చేస్తూ 'ఈవిడ మా అమ్మగారు' అంటాం గానీ 'ఇది' అనం. అందుకే 'దిస్ ఈజ్ మై మదర్' అనడానికి కొందరికి నోరు రాదు. ఇంగ్లిష్‌లో పరిచయం చేసే పద్ధతే అది, అందులో అమర్యాద ఏమీ లేదు. అయితే పరిచయం అయ్యాక 'షీ' అనాలి. ఆవిడకు కాఫీ కావాలని చెప్పడానికి 'దిస్ వాంట్స్ కాఫీ' అంటే తప్పు. ఫోన్‌లోనూ 'ఐ యామ్ సుజాత స్పీకింగ్' కన్నా 'దిస్ ఈజ్ సుజాత' సహజం. అవతలివాళ్లెవరో తెలియకపోతే అమెరికాలో 'హూ ఈజ్ దిస్?' అనీ, బ్రిటన్‌లో ఎక్కువగా 'హూ ఈజ్ దట్?' అనీ అడుగుతారు.

జవాబు చెప్పేటప్పుడు ఇంకో మెలిక ఉంది. 'వాట్ ఈజ్ దిస్?' అని టీచర్ అడగ్గానే పిల్లలు 'దిస్ ఈజ్ ఎ పెన్' అంటారు. వేలు చూపే పని ప్రశ్నతోనే అయిపోయింది కాబట్టి 'ఇట్ ఈజ్ ఎ పెన్' సహజమైన జవాబు. 'ఆర్ దీజ్ యువర్ షూస్?' అని అడిగితే 'యెస్, దే ఆర్' అనాలి.

దగ్గర, దూరం అన్నవి చోటుకే కాదు, కాలానికీ వర్తిస్తాయి. 1969 జులైలో చంద్రుడి మీద కాలు మోపుతూ నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ అన్న మాట 'దట్స్ వన్ స్మాల్ స్టెప్' అని మొదలవుతుంది. అడుగు ఆయన కాలి కిందే ఉంది. కానీ వేసేసిన అడుగు కాబట్టి 'దట్' అక్కడ చక్కగా ఒదిగింది. ఎదుటివాళ్లు చెప్పడం ముగించాక 'దట్స్ ఎ గుడ్ ఐడియా' అనడమూ అలాంటిదే. ఇప్పుడు చెప్పబోయేదానికైతే 'లిజన్ టు దిస్' అంటారు.

పోటీ పరీక్షలు రాసేవాళ్లకు పోలికలు ముఖ్యం. 'అరకు వాతావరణం విశాఖపట్నం కన్నా చల్లన' అని తెలుగులో అనేస్తాం. దాన్ని ఉన్నదున్నట్టు 'ది క్లైమేట్ ఆఫ్ అరకు ఈజ్ కూలర్ దాన్ విశాఖపట్నం' అని రాస్తే, వాతావరణాన్ని ఊరితో పోల్చినట్టవుతుంది. 'దాన్ దట్ ఆఫ్ విశాఖపట్నం' అని రాయాలి. రోడ్లను పోల్చేటప్పుడు అవి బహువచనం కాబట్టి 'దోజ్ ఆఫ్' రావాలి.