మార్కుల తూనికయు మన్యపు బిడ్డలును

పదవ తరగతి ఫలితములు వెలువడిన మరునాడు విశాఖపట్టణముననో, విజయవాడలోనో వీధుల వెంట నడచువారికి ఒక దృశ్యము కన్నులకు కట్టుచుండును. ప్రయివేటు పాఠశాలల ముంగిట పెద్ద పెద్ద ఫలకములు, వానిపై వరుసదీర్చిన బాలబాలికల చిత్రములు, చిత్రముల క్రింద అంకెలు. ఇట్టి ర్యాంకుల ప్రకటనలు కూడదని 2022లో రాష్ట్ర ప్రభుత్వము ఉత్తర్వు చేసినది గాని జనులకు అంకెలపై గల మోజు మాత్రము తగ్గలేదు. ఆ అంకెలను చూచియే రైతు పంట డబ్బును ఫీజులకు మళ్లించుచున్నాడు. ఉద్యోగి అప్పు చేయుచున్నాడు. ఇంతకును ఆ అంకె పిల్లవానిని ఏ కళాశాల గడప దాటించును? అదే తూనికలో అరకులోయ ఆశ్రమ పాఠశాలలోని గిరిజన బాలికను కూర్చుండబెట్టినప్పుడు త్రాసు ఎటు మొగ్గును? ఈ రెండు ప్రశ్నలును వేరు వేరుగా తోచునుగాని నిజమునకు ఒక్కటియే.

ముందుగా మార్కులకు ఎక్కడ ఎంత విలువ కలదో చూతము. మన రాష్ట్రమున కోరదగిన విద్యాలయములకు నాలుగు ద్వారములున్నవి. మొదటిది 2008లో నెలకొల్పబడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము. నూజివీడు, ఇడుపులపాయ, శ్రీకాకుళము, ఒంగోలు అను నాలుగు చోట్ల ఉన్న ఈ సంస్థను జనులు ట్రిపుల్ ఐటీ యందురు. పదవ తరగతి ముగించిన పిల్లలను ఆరేండ్ల చదువునకు చేర్చుకొనును. కోవిడ్ కాలమున ప్రవేశ పరీక్ష పెట్టిరి గాని, తక్కిన యేండ్లలో ఇక్కడ పదవ తరగతి మార్కులే సర్వస్వము. రెండవది ఇంజనీరింగు, వ్యవసాయ విద్యలకు ద్వారమైన ఈఏపీసెట్. దీనిలో ప్రవేశ పరీక్షకు 75 పాళ్లును, ఇంటర్మీడియట్ మార్కులకు 25 పాళ్లును కలిపి ర్యాంకు నిర్ణయించుట చిరకాలపు పద్ధతి. కోవిడ్ నాట ఆ పద్ధతిని ఆపి, 2023లో మరల తెచ్చిరి. తెలంగాణములోనో, అదే యేట ఇంటర్ మార్కుల తూనికను పూర్తిగ తొలగించిరి. మూడవది ఐఐటీలు. అక్కడ పన్నెండవ తరగతిలో 75 శాతము, షెడ్యూల్డు కులములవారికిని తెగలవారికిని 65 శాతము వచ్చినను, లేక తన బోర్డులో మొదటి ఇరువది పర్సంటైలులో నిలిచినను చాలును; ఆపైన ర్యాంకు ప్రవేశ పరీక్షదే. నాలుగవది వైద్యవిద్య. నీట్ పరీక్షయే అక్కడ నిర్ణేత. ఇంటర్ మార్కులు అర్హత చూపుటకు మాత్రమే.

కనుక మార్కులు ఒకచోట ప్రాణము, ఒకచోట పాతిక పాలు, మరి రెండుచోట్ల ప్రవేశపు చీటి. చదువు అబ్బక మార్కులు మాత్రమే వచ్చిన పిల్లవాడు మొదటి ద్వారమున నిలువవచ్చును. మూడవ నాల్గవ ద్వారముల వద్ద ఆగిపోవును. ఫలకముపై అంకెను చూచి ధనము ధారవోయు తండ్రి ఈ సంగతిని గుర్తుంచుకొనుట మేలు.

ఇక మార్కు ఎట్లు పుట్టునో విచారింతము. 2016-17లో పదవ తరగతి పరీక్షయందు నూటికి ఇరువది మార్కులు పాఠశాలయే వేయు పద్ధతి వచ్చినది. ఉద్దేశము మంచిదే. ఏడాది పొడుగున పిల్లవాడు చేసిన పనిని గురువే గదా ఎరుగును! కాని గురువునకు జీతమిచ్చు యజమాని ఆ మార్కులనే తన వ్యాపారమునకు పెట్టుబడి చేసికొన్నచోట గురువు కలము స్వేచ్ఛగా నడువదు. ప్రయివేటు బడులలో ఆ ఇరువదికి ఇరువదియు ఉదారముగ పడుచున్నవను ఆక్షేపణ బలపడి, 2019లో ప్రభుత్వము ఆ పద్ధతిని రద్దు చేసినది. ఆ యేడు పదవ తరగతి ఉత్తీర్ణులు నూటికి 94కు మించియుండిరి. కోవిడ్ సెలవుల అనంతరము, అంతర్గత మార్కులు లేకుండ 2022లో జరిగిన పరీక్షలో ఉత్తీర్ణులు 67 శాతమునకు పడిపోయిరి. రెండేండ్లు బడులు మూతపడుటయు దీనికి కారణమే. అంతయు ఇరువది మార్కుల మహిమయని చెప్పుట న్యాయము కాదు. కాని వేయువాడును లాభపడువాడును ఒక్కడేయైనచోట మార్కు నిలకడగా నుండదని మాత్రము తేటపడినది.

బయటి పరీక్ష పెట్టినంత మాత్రమున దోషము పోవునా? పొరుగున తమిళనాడును చూడుడు. 2006లో చట్టము చేసి అక్కడ వృత్తివిద్యలకు ప్రవేశ పరీక్షలను తీసివేసి పన్నెండవ తరగతి మార్కులనే ప్రమాణము చేసిరి. ఉద్దేశము పల్లెటి పిల్లలకు మేలు చేయుటయే. కాని నామక్కల్ ప్రాంతమున వసతి పాఠశాలలు వెలసి, పదునొకండవ తరగతి పాఠములను ప్రక్కకు నెట్టి, రెండేండ్లును పన్నెండవ తరగతి పుస్తకమునే వల్లెవేయించి మార్కులను మూటగట్టినవి. తుదకు ఆ తతంగమును ఆపుటకై 2018లో పదునొకండవ తరగతికిని ప్రభుత్వ పరీక్ష పెట్టవలసివచ్చినది. ఏ కొలత పెట్టిన ఆ కొలతకు తగినట్లు దుకాణము వెలయును. ధనముగలవాడు ఆ దుకాణమునకు పోగలడు, లేనివాడు పోలేడు.

ఇప్పుడు మన దృష్టిని తూర్పు కనుమలవైపు మరల్చుదము. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రముగా అల్లూరి సీతారామరాజు జిల్లా యేర్పడినది. అరకులోయ, అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట, పెదబయలు, ముంచంగిపుట్టు, జి.మాడుగుల, చింతపల్లి మొదలగు మండలములందు కొండదొరలు, బగతలు, వాల్మీకులు, కోందులు, పోర్జలు, గదబలు మున్నగు తెగలవారు నివసించుచున్నారు. వీరిలో కొందరి ఇంటి భాష తెలుగే. కొందరిది కువి, కొందరిది కొండభాష, మరికొందరిది ఆదివాసీ ఒరియా. కువి మాటలాడు తల్లి ఒడినుండి బడికి వచ్చిన బిడ్డ మొదటి దినముననే పరాయి భాషలో ఓనమాలు దిద్దవలెను. తెలుగు పట్టువడునప్పటికి ఆంగ్లము ఎదురగును. ఈ చిక్కును గ్రహించియే గత శతాబ్దము ముగిసిన కొలది యేండ్లకు ఉమ్మడి రాష్ట్రమున కువి, కొండ, సవర, కోయ మొదలగు ఎనిమిది భాషలలో తొలి తరగతుల బోధన ఆరంభించిరి. ఆరంభమున చూపిన శ్రద్ధ తుదివరకు నిలుచుట మన పాలనలో అరుదు.

గురువుల మాటయు అట్టిదే. స్థానిక గిరిజనులే గిరిజన బాలురకు గురువులు కావలెనని, షెడ్యూల్డు ప్రాంతములందలి ఉపాధ్యాయ పదవులన్నియు వారికే యని, 2000లో 3వ సంఖ్య ఉత్తర్వు వెలువడెను. నూటికి నూరు పాళ్లును ఒకరికే కేటాయించుట రాజ్యాంగమునకు విరుద్ధమని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది. తీర్పు న్యాయస్థానమునది, దానిని శిరసావహింపవలసినదే. అయినను బిడ్డ భాష నెరిగిన గురువు బడిలో నుండవలెనను అవసరము తీర్పుతో తీరిపోలేదు. 2011 జనాభా లెక్కలలో ఉమ్మడి రాష్ట్రపు అక్షరాస్యత 67 శాతముండగా, గిరిజనులలో అది 49 శాతము. ఆనాడు చదువురాని తల్లిదండ్రుల బిడ్డలే నేడు పరీక్షలు వ్రాయుచున్నారు. ఇంట పాఠము చెప్పువారు లేరు; దరఖాస్తు ఎప్పుడు, ఎచ్చట పెట్టవలెనో చెప్పువారును లేరు. అట్టి బిడ్డ తెచ్చుకొన్న 480 మార్కులును, పట్టణమున నాలుగు ట్యూషన్ల నడుమ పెరిగిన బిడ్డ తెచ్చుకొన్న 540 మార్కులును కాగితముమీద అరువది మార్కుల తేడా. నడచిన దూరమును కొలిచినచో ఎవరిది మిన్నయో చదువరులే నిర్ణయింపవలెను.

"వారికి రిజర్వేషను ఉన్నది గదా!" యని కొందరు పెద్దలు వెంటనే ప్రశ్నింతురు. ఉన్నది. రాష్ట్రమున నూటికి 6, కేంద్ర సంస్థలలో నూటికి 7.5. కాని ఆ వాటాలోపల స్థానములను పంచునది ఏది? మరల మార్కులే, ర్యాంకులే. తండ్రి ఉద్యోగమువలన మైదానమున ప్రయివేటు బడిలో చదివిన గిరిజన బాలుడును, ముంచంగిపుట్టు కొండమీది కోందు బాలికయు ఒకే వాటాలో పోటీపడుచున్నారు. మొదటివాని హక్కును మేము కాదనము, అతడును గిరిజనుడే. కాని ప్రయివేటు మార్కు మైదానమున చేయు పనినే వాటాలోపలను చేయుచున్నదనుట మరువరాదు. వాటా తలుపు తెరచినది. తలుపు వరకు దారి వేయలేదు.

దారి వేయుటకు జరిగిన ఒక ప్రయత్నము ట్రిపుల్ ఐటీ నియమములలోనే కలదు. ప్రభుత్వ, జిల్లా పరిషత్తు, మునిసిపల్ పాఠశాలలలో చదివినవారికి, వారి సాంఘికార్థిక లోటును గుర్తించి, పది పాయింట్లపై 0.4ను, మార్కుల పద్ధతిలో నూటికి 4ను కలుపుదురు. సర్కారు బడిలో 9.6 తెచ్చుకొన్నవాడు ప్రయివేటు బడిలో 10 తెచ్చుకొన్నవానితో సమానుడగును. ఇది దానము కాదు, తూనికరాతిని సరిచేయుట. అయితే ఆ నియమమున ఒక మాట కలదు: వసతి లేని పాఠశాలలు. మన్యమున ఊళ్లు విసరివేసినట్లుండుటచే ఉన్నత పాఠశాలలు పెక్కులు వసతితో గూడిన ఆశ్రమ పాఠశాలలే. పట్టణపు వసతి పాఠశాలకును కొండలోని ఆశ్రమ పాఠశాలకును పేరున గల పోలిక పనిలో లేదు. అక్షరమును పట్టుకొన్నచో ఎవరికై ఆ నియమము మిక్కిలి అవసరమో వారే వెలుపల నిలుతురు. ఆశ్రమ పాఠశాలలకును ఆ నాలుగు మార్కులు చెందునని నియమములోనే స్పష్టముగ వ్రాయుట ప్రభుత్వమునకు ఒక కలపుపోటు పని.

ఇతర దేశములు ఈ చిక్కును ఎదుర్కొనకపోలేదు. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రము 1997లో ఒక చట్టము చేసినది. ఏ ఉన్నత పాఠశాలయైనను సరే, దాని తరగతిలో మొదటి పదవ వంతున నిలిచినవారికి రాష్ట్ర విశ్వవిద్యాలయములలో స్థానమిచ్చుట దాని సారము. ధనికుల బడి వారిని ధనికుల బడి వారితోను, పేదల బడి వారిని పేదల బడి వారితోను పోల్చుట అచటి సూత్రము. మన దేశముననే 2013 నుండి 2016 వరకు జేఈఈ ర్యాంకులో బోర్డు మార్కులకు 40 పాళ్లు ఇచ్చి, వివిధ బోర్డుల మార్కులను పర్సంటైలుగ మార్చి తూచిరి. 2017లో దానిని విడిచిరి. తమిళనాడు 2020లో నీట్ ఉత్తీర్ణులైన సర్కారు బడి పిల్లలకు వైద్యవిద్యలో నూటికి 7.5 స్థానములు ప్రత్యేకించి, మరుసటి యేట ఇంజనీరింగునకును విస్తరించినది. ఐఐటీలు తమ తూనికకు కొంచెములో అందని షెడ్యూల్డు కులముల, తెగల విద్యార్థులకు ఒక యేడు సన్నాహపు చదువు చెప్పి పిదప చేర్చుకొను ఏర్పాటు చేసికొన్నవి. ఇవన్నియు ప్రతిభను తగ్గించు ఉపాయములు కావు. దాగియున్న ప్రతిభను కనుగొను ఉపాయములు.

కావున మన ప్రభుత్వమును మేము కోరునవి నాలుగు. ఆశ్రమ పాఠశాలలకు లోటు మార్కులు నిస్సంశయముగ వర్తింపజేయుట మొదటిది. ట్రిపుల్ ఐటీలలో గిరిజన వాటాలోపల మన్యపు ప్రతి మండలమునకును కనీసము కొన్ని స్థానములుండునట్లు చూచుట రెండవది. స్థానములకు కొంచెములో అందనివారికి పాడేరులో ఒక యేడు సన్నాహపు తరగతి నడపుట మూడవది. గణిత, విజ్ఞాన శాస్త్రముల గురువుల పదవులను ఖాళీగా నుంచక, స్థానిక భాష తెలిసినవారికి న్యాయస్థానము అంగీకరించు మేరకు ప్రాధాన్యమిచ్చి నింపుట నాలుగవది. రాజ్యాంగపు 46వ అధికరణము బలహీన వర్గముల, విశేషించి షెడ్యూల్డు తెగల విద్యాభివృద్ధికి రాజ్యము ప్రత్యేక శ్రద్ధ వహింపవలెనని నిర్దేశించుచున్నది. మేము అడుగునది ఆ శ్రద్ధనే.

2024లో పాడేరున 50 స్థానములతో ప్రభుత్వ వైద్య కళాశాల ఆరంభమైనది. డోలీ కట్టి రోగులను కొండ దింపు ప్రాంతమున ఇది సామాన్యమైన విషయము కాదు. అక్కడ చదివిన వైద్యులు చదువు ముగియగనే పట్టణమునకు తరలిపోవుదురా, లేక కువి భాషలో "ఎక్కడ నొప్పి?" అని అడుగగలవారు కొందరైనను ఆ కొండలలోనే నిలుతురా అనునది నేడు ఆశ్రమ పాఠశాలలో ఆరవ తరగతి చదువుచున్న బిడ్డకు మనమిచ్చు గురువును బట్టియు, మన తూనికరాతిని బట్టియు నుండును. తన బిడ్డ మార్కులకై పొలము నమ్ముకొనుటకైనను వెనుదీయని గృహస్థుడు, కొండమీది బిడ్డకు నాలుగు మార్కులు కలిపినంతనే తన బిడ్డకు అన్యాయము జరిగినదని వాపోవుట తగదు. తన బిడ్డకు జ్వరము తగిలిన నాడు వైద్యుని చదువును చూచును గాని ఆతడు చదివిన బడి ఫలకమును చూడడు గదా!