చీటీలు, ఓడలు, కెప్టెన్లు: పోర్చుగల్‌లో నిర్బంధ సైనికసేవ

పోర్చుగల్ పల్లెల్లో ఇరవయ్యేళ్ళ కుర్రవాడు సైన్యంవారి వైద్యపరీక్షకు వెళ్ళడాన్ని ‘సోర్తెస్‌కు వెళ్ళడం’ అనేవారు. ఆ మాటకు చీటీలు, అదృష్టం అని అర్థం. ఎత్తు కొలిచి, ఛాతీ పరీక్షించి, పనికివస్తాడో లేదో తేల్చే తతంగానికి ఆ పేరెందుకు? 19వ శతాబ్దంలో సైన్యానికి ఎవరు వెళ్ళాలో నిజంగానే చీటీలు తీసి నిర్ణయించేవారు. చీటీలు పోయినా మాట మిగిలింది.

నిర్బంధం మాత్రం అంతకన్నా పాతది. 1570లో సెబాస్టియన్ రాజు ఊరూరా దళాలు ఏర్పరచి, ఆయుధం పట్టగల మగవారిని వాటిలో చేర్చాలని శాసించాడు. ఎనిమిదేళ్ళకు మొరాకో యుద్ధంలో తానే మరణించాడు. సముద్రాల అవతలి కోటలకు మనుషులు చాలక, దేశాంతరవాస శిక్ష పడిన నేరస్థులను గోవాకూ ఆఫ్రికాకూ పంపేవారు. వారిలో పలువురు అక్కడ సిపాయిలయ్యారు.

చీటీల పద్ధతి పైకి సమానత్వంలా కనిపించేది. కానీ పేరు వచ్చినవాడు డబ్బు కట్టి విముక్తి పొందవచ్చు, లేదా తనకు బదులు మరొకణ్ణి పంపవచ్చు. ఆ స్తోమత లేనివాడికి మిగిలిన దారి బ్రెజిల్ ఓడ. ప్రభుత్వం అది గ్రహించి, సైనికవయసు సమీపిస్తున్న కుర్రవాడు దేశం విడవాలంటే పూచీకత్తు కట్టాలని నిబంధన పెట్టింది. వలసకూ సైనికసేవకూ ముడి అప్పుడే పడింది.

1910లో రాచరికాన్ని కూలదోసిన గణతంత్రం, మరుసటి ఏడాదే డబ్బుతో తప్పించుకొనే పద్ధతిని రద్దుచేసి, సేవను అందరికీ తప్పనిసరి చేసింది. ఆదర్శం మంచిదే. దాని మూల్యం మొదటి ప్రపంచయుద్ధంలో తెలిసింది. ఫ్రాన్సుకు పంపిన సుమారు 55,000 మందిలో ఒక డివిజన్ 1918 ఏప్రిల్ 9న లిస్ నది యుద్ధంలో కొద్ది గంటల్లోనే ఛిన్నాభిన్నమైంది.

అసలు పరీక్ష 1961లో మొదలైంది. ఆ ఏడాది అంగోలాలో తిరుగుబాటు చెలరేగింది. డిసెంబరులో భారతసైన్యం గోవాలో ప్రవేశించినప్పుడు, అక్కడి 3,000కు పైగా పోర్చుగీసు సైనికులు చావడమో గెలవడమో తప్ప లొంగిపోరాదని సలజార్ ఆదేశించాడు. గవర్నర్ వసాలో ఇ సిల్వా ఆ ఆదేశాన్ని పాటించక లొంగిపోయి వేల ప్రాణాలు కాపాడాడు. అందుకు ప్రతిఫలంగా సైన్యం నుంచి బహిష్కరణ పొందాడు. సైనికులు 1962 మే వరకు బందీలుగా ఉన్నారు.

1963లో గినీ, 1964లో మొజాంబిక్ కూడా యుద్ధరంగాలయ్యాయి. 90 లక్షల జనాభా గల దేశం పదమూడేళ్ళలో దాదాపు 8 లక్షల మందిని ఆఫ్రికాకు పంపింది. శిక్షణ, ఆఫ్రికాలో రెండేళ్ళు, మొత్తం కలిపితే యౌవనంలో మూడు నాలుగేళ్ళు పోయేవి. 8,000కు పైగా మరణించారు. వైద్యులకూ మినహాయింపు లేదు. చదువు ముగించుకున్న ఆంటోనియో లోబో ఆంటునెస్ 1971 నుంచి 1973 వరకు అంగోలాలో సైనికవైద్యుడు. తరువాత మనోవైద్యుడై, అక్కడ చూసినదాన్ని నవలలుగా రాశాడు. ఆ యుద్ధం గాయాల జాబితాతో ముగియలేదని అవి చదివితే తెలుస్తుంది.

మళ్ళీ జనం దేశం విడిచారు. ఈసారి ఓడలో కాదు, స్పెయిన్ కొండల మీదుగా దొంగచాటుగా ఫ్రాన్సుకు. వైద్యపరీక్షకే రానివారు, పిలుపు వచ్చాక చేరనివారు, చేరి పారిపోయినవారు అని సైన్యం మూడు రకాల పద్దులు రాసేది. మొదటి రకమే పెద్దది. పరిశోధకుల అంచనా ప్రకారం వారు సుమారు 2 లక్షలు. పేదరికం నుంచి పారిపోయినవాడెవడో, యుద్ధం నుంచి పారిపోయినవాడెవడో విడదీయడం కష్టం. చాలామందికి ఆ రెండూ ఒకటే.

సైనికుల కొరతను స్థానిక ఆఫ్రికన్లతో పూరించారు. కెప్టెన్ల కొరతను పూరించడం సాధ్యపడలేదు. సైనిక అకాడమీలో చేరేవారు తగ్గిపోగా, ఉన్న కెప్టెన్లనే మళ్ళీ మళ్ళీ ఆఫ్రికాకు పంపవలసి వచ్చింది. 1973 జులైలో ప్రభుత్వం ఒక ఉపాయం పన్నింది: నిర్బంధసేవలో అధికారులైనవారు స్వల్పకాలిక శిక్షణతో శాశ్వత అధికారులు కావచ్చు, పాత సేవ కూడా సీనియారిటీలో లెక్కకు వస్తుంది. ఏళ్ళ తరబడి పనిచేసిన కెప్టెన్లు తమ వెనకవారు ముందుకు దూకుతున్నారని మండిపడ్డారు. సెప్టెంబరులో ఎవొరా సమీపంలో రహస్యంగా సమావేశమయ్యారు. ప్రభుత్వం వెనక్కి తగ్గినా వారు ఆగలేదు. పదోన్నతుల ఫిర్యాదు యుద్ధాన్నే ప్రశ్నించే దాకా వెళ్ళింది. 1974 ఏప్రిల్ 25న వారే ఆ నియంతృత్వాన్ని కూలదోశారు.

విచిత్రమేమిటంటే, విప్లవం నిర్బంధసేవను తీసివేయలేదు. 1976 రాజ్యాంగం దాన్ని నిలబెట్టింది. 1997 సవరణ, 1999 చట్టం దాన్ని దశలవారీగా తొలగించాయి. 2004 నవంబరుతో అది ముగిసింది. ఇప్పుడు పద్దెనిమిదేళ్ళు నిండినవారు, అమ్మాయిలతో సహా, ‘జాతీయ రక్షణ దినం’ పేరిట ఒక్కరోజు హాజరైతే చాలు. రాకపోతే జరిమానా.