గుల్‌మొహర్ మొద్దు మీద ఎర్ర పుట్టగొడుగు: ముందు పేరు, తర్వాతే ఆచ్ఛాదన

పై వీడియోలో ఉన్నది శాలిబండ వైపు రోడ్డు పక్కన కొట్టేసిన గుల్‌మొహర్ మొద్దు. దాని మొదట్లో వార్నిష్ పూసినట్టు మెరిసే ఎర్రటి పుట్టగొడుగు ఉంది, చూడండి. పాతబస్తీలో ఇలాంటి మొద్దులు, కొమ్మలు తెచ్చి ముక్కలు చేసి ఆచ్ఛాదనకు అమ్మడం నా పని. శంషాబాద్ దగ్గర గట్ల మీద కొబ్బరి పెట్టిన ఒక రైతు ఫోన్ చేసి అడిగారు: "తమ్ముడూ, ఈ ముక్కలతో నా చెట్లకు తెగులు రాదు కదా?"

అడగాల్సిన ప్రశ్నే. చెక్కను తినే శిలీంధ్రాలన్నీ శత్రువులు కావు. తెల్ల కుళ్ళు రకాలు లిగ్నిన్‌ను కూడా కరిగిస్తాయి, చెక్క తెల్లగా పీచులా మిగులుతుంది. మనం వరిగడ్డి మీద పెంచే ముత్యపు చిప్ప పుట్టగొడుగు ఈ రకమే. గోధుమ కుళ్ళు రకాలు సెల్యులోజ్‌ను తినేస్తాయి, చెక్క గోధుమరంగు పెళ్ళలుగా పగులుతుంది. చచ్చిన చెక్క మీద ఇవి పనిచేస్తే మన నేలకు లాభమే. కానీ గానోడెర్మా బతికున్న చెట్టు వేరునూ పట్టగలదు. కొబ్బరిలో ఈ ఎండు తెగులును 1952లో తంజావూరు జిల్లాలో గుర్తించారు. మన గోదావరి జిల్లాల రైతులకూ ఇది తెలిసిన కష్టమే.

మెరిసేదంతా ఒకటే జాతి అనుకుంటే పొరపాటు. 1781లో ఇంగ్లండ్‌లో విలియం కర్టిస్ వర్ణించిన లూసిడమ్ పేరుతోనే చైనాలో మందుకు పండించే రకాన్నీ చాలాకాలం పిలిచారు. అవి వేరు వేరని తేలాక 2012లో చైనా రకానికి గానోడెర్మా లింగ్జి అని పేరు పెట్టారు.

మీ తోటలో కనిపిస్తే ఇలా చేయండి:

- ఏ చెట్టు, బతికుందా చచ్చిందా, తేదీ, ఊరు రాసుకోండి.
- పైభాగం, అడుగున రంధ్రాలు, కోసిన ముక్క, మూడింటికీ ఫోటో తీయండి.
- రంధ్రాలు కిందికి ఉండేలా తెల్ల కాగితం మీద రాత్రంతా ఉంచండి. గానోడెర్మా అయితే గోధుమరంగు పొడి రాలుతుంది.
- నీడలో బాగా ఆరబెట్టి కాగితపు కవర్లో పెట్టండి. ప్లాస్టిక్ వద్దు, బూజు పడుతుంది.
- వ్యవసాయ విశ్వవిద్యాలయం తెగుళ్ళ విభాగంలో చూపించండి.

అక్కడ సూక్ష్మదర్శినిలో బీజాల గోడ, దారాల అల్లిక చూస్తారు. అవసరమైతే ఐటీఎస్ అనే డీఎన్ఏ భాగాన్ని చదివిస్తారు. 2012 నుంచి శిలీంధ్రాలకు అదే గుర్తింపు కార్డు లాంటిది. ఇక "కొత్త జాతి దొరికింది" అని వాట్సాప్‌లో పెట్టేస్తే అయిపోదు. తెలిసిన దగ్గరి జాతులన్నిటితో పోల్చాలి, మూల నమూనాను హెర్బేరియంలో భద్రపరచాలి. 2013 జనవరి 1 నుంచి కొత్త పేరుకు రిజిస్ట్రేషన్ నంబరు కూడా తప్పనిసరి.

ఆ కొబ్బరి రైతుకు నేను ఈ మొద్దు ముక్కలు పంపలేదు. మెరిసే పుట్టగొడుగు ఉన్న మొద్దును వేరుగా పెడుతున్నాను, పేరు తేలేదాకా ఏ తోటకూ పోదు. మీరు కూడా తెగులున్న కొబ్బరి పాదు నీళ్ళు మంచి చెట్టు పాదులోకి పారనివ్వకండి, దాని వేర్ల దగ్గర దుక్కి చేయకండి. ఆచ్ఛాదన కొనేటప్పుడు మాత్రం ఒక్క మాట అడగండి: "ఇది ఏ చెట్టు, దాని మొదట్లో ఏముంది?"