కొత్త ఫ్లాటా? ముందు చెప్పుల సంగతి చూడండి!

తాళంచెవి చేతికొచ్చిన రోజు నుంచే ఫోన్లో ఫొటోల వేట మొదలవుతుంది. తెల్లటి సోఫా, పక్కన నిలువెత్తు మొక్క, గోడకు ఒకే ఒక్క పటం. ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ ఫొటోల్లో చెప్పులు కనబడవు. బియ్యం బస్తా, ఊరి నుంచి వచ్చిన ఆవకాయ జాడీలు, తడి తువ్వాళ్లు, ఖాళీ సూట్‌కేసులు... ఏవీ ఉండవు. మన ఇంట్లో అన్నీ ఉంటాయి. అందుకే మొదటి ఇల్లు సర్దుకునేవాళ్లు సోఫా జోలికి పోకుండా ముందు వీటికి చోటు వెతకాలి. దాచాల్సినవి దాగితే సాదా కుర్చీ కూడా అందంగానే కనిపిస్తుంది.

గుమ్మం పక్కన అడుగు లోతున్న చెప్పుల బల్ల చాలు. దాని మీదే కూర్చుని బూట్లు వేసుకోవచ్చు. తాళాలకు, హెల్మెట్‌కు పైన రెండు కొక్కేలు. సూట్‌కేసులు, చుట్టాలొస్తే వేసే పరుపులు మంచం కింది పెట్టెలోకి వెళ్లిపోతాయి.

టేపు పట్టాకే బేరం

బ్రోచర్‌లో 1,100 చదరపు అడుగులని ఉంటే అందులో గోడల మందం, మెట్లు, లిఫ్టుల్లో మన వాటా కూడా కలిసి ఉండొచ్చు. కార్పెట్ ఏరియా చెప్పి తీరాలన్నది 2016 నాటి రెరా చట్టం. సామాను పట్టేదీ అందులోనే.

10 బై 11 అడుగుల పడకగదినే తీసుకోండి. క్వీన్ సైజు మంచం వెడల్పు 5 అడుగులు, పొడవు ఆరున్నర. తలవైపు 11 అడుగుల గోడకు ఆనించి, కాళ్లవైపు రెండడుగుల లోతు బీరువా పెడితే మిగిలేది అడుగున్నర. బీరువా తలుపు వెళ్లి మంచానికి కొట్టుకుంటుంది. అదే బీరువాను పక్క గోడకు జరిపితే నాలుగడుగుల దారి దొరుకుతుంది. పైసా ఖర్చు లేదు. ఉత్తరానికి తల పెట్టకూడదని అమ్మ అడ్డుపడితే మాత్రం లెక్క మళ్లీ మొదటికొస్తుంది! కొనే ముందు పాత దినపత్రికలను మంచం కొలతకు నేల మీద పరిచి, చుట్టూ నడిచి చూడండి.

ఫాల్స్ సీలింగ్ సంగతికొస్తే, నా దృష్టిలో మొదటి ఇంటికి అంత దండగ ఖర్చు మరొకటి లేదు. తొమ్మిదిన్నర అడుగుల ఎత్తులో అరడుగు దానికే పోతుంది. గది రూపు మార్చేది వెలుతురు. బల్బు డబ్బా మీద 6,500 కెల్విన్ అని ఉంటే ఆసుపత్రి తెలుపు, 3,000 అని ఉంటే సాయంత్రపు పసుపు. హాల్లో మూలకో పసుపు దీపం పెడితే చవక సోఫా కూడా ఖరీదుగా కనిపిస్తుంది.

మిగిలిన డబ్బు వంటింటికి. గట్టు ఎత్తు వంట చేసేవాళ్ల మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందుండాలి. అబ్బాయే వండితే అబ్బాయి మోచేయే కొలత. సింకు కింద ఎండీఎఫ్ పెట్టించారో, నీళ్లు తగిలి ఉబ్బిపోతుంది. అక్కడ ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ అడగండి. ఓవెన్‌కు 16 ఆంపియర్ల ప్లగ్గు ఎక్కడొస్తుందో అరలు బిగించకముందే తేల్చుకోవాలి.

అద్దె ఇల్లయితే గోడకు బిగించే చెక్కపని ఊసే వద్దు. లారీ ఎక్కించి తీసుకెళ్లగలిగిందే కొనండి.

ఇక అలంకారం. ఏటికొప్పాక లక్క బొమ్మలు, కొండపల్లి దశావతారాలు, నిర్మల్ పటం... అన్నీ ఒకేసారి పెడితే హాలు ఎగ్జిబిషన్ స్టాల్ అయిపోతుంది. ఒక్క అర, ఒక్క ఊరి పనితనం చాలు. పెడన అచ్చు కలంకారీ తెరలకు బావుంటుంది. శ్రీకాళహస్తి కలంతో గీసినదైతే ఫ్రేము కట్టించి గోడకు పెట్టాల్సిందే. పడమటి కిటికీకి మాత్రం రెండూ వద్దు, ఎండకు రంగు వెలిసిపోతుంది. అక్కడ మందపాటి సాదా తెర వేయండి. ఏసీ బిల్లూ కాస్త తగ్గుతుంది.