కాలు తీస్తే ఆగాలి

మా క్యాంపస్‌లో ఒక తెల్ల బండి ఉంది. పేరుకి గోల్ఫ్ కార్ట్. అది గోల్ఫ్ బంతిని ఎప్పుడూ చూసి ఉండదు, ఆ మాటకొస్తే వరంగల్‌లో నేనూ చూడలేదు. గేటు దగ్గర దిగిన పెద్దవాళ్ళని ఆఫీసు దాకా, కాలికి కాలిపర్ వేసుకుని నడిచే మా జూనియర్ ఒకణ్ణి హాస్టల్ నుంచి ల్యాబు దాకా మోయడం దాని పని. అందరం బ్యాటరీ బండి అనే అంటాం.

ఒకరోజు అది ఆగలేదు.

నడిపే అన్న మాటల్లోనే చెప్తాను: "కాలు తీసిన తమ్మీ, ఆగలే. తాళం తీసి చేతుల వట్టుకున్న, అయినా ఆగలే." బ్రేకు తొక్కిపట్టి, పక్కన గడ్డి గట్టు మీదికి ఎక్కించి, ముందుకూ వెనక్కీ మార్చే మీటని మధ్యకి లాగితే అప్పుడు ఆగిందట. వెనక సీట్లో మా జూనియర్ ఉన్నాడు. దెబ్బలేం తగల్లేదు. మర్నాటి నుంచి నడిచే వచ్చాడు, రోజూ పావుగంట ఆలస్యంగా. బండిని తుక్కుకి వేసేద్దామన్న మాట రాగానే ఎలక్ట్రికల్ వాళ్ళం నలుగురం మా ల్యాబ్ సార్‌ని ముందు పెట్టుకుని ఒక నెల గడువు అడిగాం.

తాళం తీసినా బండి ఎందుకు ఆగలేదో ముందు అర్థం చేసుకోవాలి, మిగతా కథంతా అందులోనే ఉంది. బ్యాటరీ నుంచి మోటారుకి వెళ్ళే పెద్ద కరెంటు తాళం గుండా పోదు. తాళం, పెడల్ కింది చిన్న స్విచ్చి కలిసి కాంటాక్టర్ అనే పెద్ద రిలే కాయిల్‌కి మాత్రమే కరెంటిస్తాయి. కాయిల్ అయస్కాంతమై రెండు రాగి బిళ్ళల్ని ఒకదానికొకటి అదిమితే మోటారు దారి తెరుచుకుంటుంది. కాలు తీసినప్పుడల్లా ఆ బిళ్ళల మధ్య నిప్పురవ్వ లేస్తుంది. ఏళ్ళ తరబడి అలా కాలీ కాలీ ఒకరోజు అతుక్కుపోయాయి. కాయిల్‌కి కరెంటు పోయినా బిళ్ళలు విడిపోలేదు. ఇక తాళం చేతిలో ఉన్నా, జేబులో ఉన్నా ఒకటే.

ఈ పాత బండిలో వేగం మార్చే పద్ధతి కూడా అలాంటిదే. 6 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఆరు, వరసగా కలిపితే 36 వోల్టులు. డీసీ సిరీస్ మోటారు. మధ్యలో సీటు కింద లావుపాటి తీగ చుట్టలు, అవే రెసిస్టర్లు. పెడల్ కొద్దిగా తొక్కితే అన్ని చుట్టల గుండా కరెంటు పోతుంది, ఇంకా తొక్కితే ఒక్కో చుట్టా తప్పుకుంటుంది. పూర్తిగా తొక్కితే నేరుగా 36 వోల్టులు. అందుకే బండి మెట్లు దిగుతున్నట్టు కుదుపుతూ కదిలేది. నెమ్మదిగా పోతే సీటు కింద కాలిన వాసన.

చిన్న ఎత్తు మీద నెమ్మదిగా ఎక్కుతున్నప్పుడు 80 ఆంపియర్లు లాగుతోందనుకోండి, దారిలో ఉన్న రెసిస్టర్ 0.2 ఓమ్. రెసిస్టర్ దగ్గరే 16 వోల్టులు పోతాయి, మోటారుకి మిగిలేది 20. రెసిస్టర్‌లో వేడిగా పోయేది 1280 వాట్లు. మన హాస్టల్‌లో వార్డెన్ కంటపడకుండా దాచుకునే ఇస్త్రీ పెట్టె 1000 వాట్లు ఉంటుంది. అంటే బండి ఎంత నెమ్మదిగా పోతే సీటు కింద అంత పెద్ద ఇస్త్రీ పెట్టె వెలుగుతున్నట్టు. బ్యాటరీ ఇచ్చిన 2880 వాట్లలో మోటారుకి చేరింది 1600.

కొత్త పద్ధతిలో రెసిస్టర్ ఉండదు. మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టర్లు కొన్ని పక్కపక్కన చేరి స్విచ్చిలా సెకనుకి పదిహేను వేలసార్లకి పైగా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. సగం సేపు ఆన్, సగం సేపు ఆఫ్ అయితే మోటారుకి సగటున 18 వోల్టులు అందుతాయి. ఇదే పీడబ్ల్యూఎం. కుమ్మరి సారెని కర్రతో ఆగి ఆగి తోస్తాడు, సారె మాత్రం ఆగకుండా తిరుగుతుంది కదా. ఇక్కడ సారె పని చేసేది మోటారు చుట్టల ఇండక్టెన్స్. స్విచ్చి ఆఫ్ అయిన క్షణంలో కూడా కరెంటు ఆగనంటుంది, కంట్రోలర్ లోపలి డయోడు గుండా చుట్టు తిరిగి మళ్ళీ మోటారులోకే వస్తుంది.

దీనివల్ల ఒక వింత జరుగుతుంది. మోటారు తీగకి క్లాంప్ మీటర్ పెడితే 80 ఆంపియర్లు, అదే సమయంలో బ్యాటరీ తీగకి పెడితే 44. మొదటిసారి చూసి మీటర్ పాడైందనుకున్నాం. పాడవలేదు. మోటారుకి కావలసింది 20 వోల్టుల దగ్గర 80 ఆంపియర్లు, అంటే 1600 వాట్లు. 36 వోల్టుల బ్యాటరీ నుంచి అందుకు సుమారు 44 చాలు. మిగతా 36 డయోడు గుండా గుండ్రంగా తిరుగుతున్నవే. ఒకే బండిలో రెండు తీగల్లో రెండు కరెంట్లు! పవర్ ఎలక్ట్రానిక్స్‌లో చాపర్ పాఠం నాకు ఆ రోజే బుర్రకెక్కింది, పరీక్ష అయిపోయిన ఆరు నెలలకి.

ఇది మన ఊరికి కొత్త కథేం కాదు. కాజీపేట ఎలక్ట్రిక్ లోకో షెడ్డు పక్కనుంచి రోజూ పోతుంటాం. అక్కడి డబ్ల్యూఏజీ-7 గూడ్స్ ఇంజన్లలో ఉన్నవి డీసీ సిరీస్ మోటార్లే, మా బండి మోటారుకి పెద్దన్నలు. వాటికి వోల్టేజీని ట్యాప్ ఛేంజర్ మెట్లు మెట్లుగా పెంచుతుంది. రెసిస్టర్‌లా కరెంటుని తగలెయ్యదు, కానీ మెట్లు మెట్లే. తర్వాత తరం డబ్ల్యూఏజీ-9లో సెమీకండక్టర్ స్విచ్చిలు, త్రీఫేజ్ మోటార్లు వచ్చాయి.

కంట్రోలర్ పెట్టె సెకండ్‌హ్యాండ్‌లో దొరికింది. చిల్లర సామాను కోసం హైదరాబాద్ వెళ్ళి కోఠి గుజరాతీ గల్లీలో ఒక పూటంతా తిరిగాం. పని చేశాక తెలిసిందేమిటంటే ఖరీదైన పెట్టె బిగించడం సులువు. ప్రాణం తీసేది, కాపాడేది ఆ చిల్లరే.

కంట్రోలర్ లోపల పెద్ద కెపాసిటర్లు ఉంటాయి. ఖాళీగా ఉన్న కెపాసిటర్ మీద కాంటాక్టర్ ఒక్కసారిగా పడితే కరెంటు వరదలా దూకుతుంది, బిళ్ళలు మళ్ళీ అతుక్కుంటాయి. అంటే పాత జబ్బే కొత్త బండికి. అందుకని కాంటాక్టర్ బిళ్ళలకి అడ్డంగా 250 ఓమ్‌లు, 5 వాట్ల చిన్న రెసిస్టర్ ఒకటి పెడతారు. దాని గుండా కెపాసిటర్లు ముందే మెల్లగా నిండి ఉంటాయి. దీనికో తిరకాసుంది. తాళం తీసి ఉన్నా కంట్రోలర్ లోపల వోల్టేజీ ఉంటుంది, బ్యాటరీ తీగ విప్పినా కాసేపు పోదు. స్పానర్ పెట్టేముందు ఒక బల్బుతో దాన్ని ఖాళీ చెయ్యాలి. ఉంగరం, వాచీ తీసేసి, స్పానర్ పిడికి టేపు చుట్టుకుని పని చెయ్యండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది, దాని పక్కన నిప్పురవ్వ పనికిరాదు.

ఇంకొకటి కాంటాక్టర్ కాయిల్‌కి అడ్డంగా పెట్టే డయోడు. కాయిల్ ఆఫ్ అయినప్పుడు లేచే వోల్టేజీ పోటుని అది మింగేస్తుంది, లేకపోతే పెడల్ స్విచ్చి కాలిపోతుంది. గీత ఉన్న వైపు ప్లస్‌కి ఉండాలి. నేను తిప్పి పెట్టాను. పెడల్ తొక్కగానే టప్‌మని తాళం తీగలో ఉన్న ఫ్యూజు పోయింది. ఆ ఫ్యూజు ఎందుకురా దండగ అని అంతకుముందు రోజే వాదించినవాణ్ణీ నేనే. మా వాళ్ళు ఇప్పటికీ ఆ డయోడుని నా పేరుతో పిలుస్తారు.

పెడల్‌లో రాగి బిళ్ళల చోట 0 నుంచి 5 కిలో ఓమ్‌ల పాట్ పెట్టాం. ఇందులో నిరోధం పెరిగితే వేగం పెరుగుతుంది. మరి పాట్ తీగ తెగిపోతే? నిరోధం అనంతం, అంటే పూర్తి వేగం! మంచి కంట్రోలర్ 5 కిలో ఓమ్‌లు బాగా దాటితే తీగ తెగిందని గ్రహించి ఆపేస్తుంది. కాగితం మీద చదివి నమ్మలేదు. వెనక చక్రాలు జాకీ మీద లేపి, కొద్దిగా తిరుగుతుండగా తీగ పీకి చూశాం. ఆగింది. జాకీ మీద పెడల్ పూర్తిగా తొక్కకండి. లోడు లేని సిరీస్ మోటారు వేగం ఎక్కడికి పోతుందో వైవాలో చెప్పి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే అందరం.

మాస్‌ఫెట్ చెడితే ఎక్కువసార్లు షార్ట్ అయ్యే చెడుతుంది. అంటే స్విచ్చి శాశ్వతంగా ఆన్. మా వాడొకడు, వేగం సంగతి ఎలక్ట్రానిక్స్ చూసుకుంటుంటే ఇంకా ఈ కాంటాక్టర్ ఎందుకన్నాడు. ఇందుకే. మాస్‌ఫెట్ షార్ట్ అయితే కాలు తీయగానే కాంటాక్టర్ ఆపాలి, కాంటాక్టర్ అతుక్కుంటే మాస్‌ఫెట్ ఆపాలి. అయితే కాంటాక్టర్ అతుక్కున్న సంగతి మామూలుగా ఎవరికీ తెలియదు, బండి బాగానే నడుస్తుంటుంది. రెండోది కూడా చెడ్డ రోజే బయటపడుతుంది. అందుకని కొత్త కాంటాక్టర్ వేసి, సీటు పక్కన చేతికందేలా బ్యాటరీ తీగనే తెంపే ఎర్ర స్విచ్చి కూడా బిగించాం.

అన్న ఇప్పుడు రోజూ పొద్దున బండి కదిలించేముందు మీట మధ్యలో పెట్టి పెడల్ తొక్కి వదులుతాడు. తొక్కితే ఒక టక్, వదిలితే ఒక టక్ వినిపించాలి. మొన్న ఫోన్ చేసి "తమ్మీ, రెండో టక్ జర మెల్లగ ఇనవడ్తుంది" అన్నాడు. వెళ్ళి చూస్తే కాంటాక్టర్ బోల్టు వదులైంది. బిగిస్తుంటే మా జూనియర్ వెనక సీట్లో కూర్చునే ఉన్నాడు, ల్యాబుకి టైమైపోతోందని తొందర పెడుతూ.